నిద్రపోయే వైరస్‌ను లేపేదెవరు?

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లలో నడుముకో ఛాతీకో ఒక పక్కన మంటతో పొక్కులు బారుగా లేస్తే సర్పి అంటారు. రెండు వైపుల నుంచీ పాకి తలా తోకా కలిస్తే మనిషి బతకడన్న భయం ఇంకా పోలేదు. సర్పికి సూది పడదంటారు. ముందు మంత్రం వేయించి, పసరు పూయించి, అప్పటికీ మంట తగ్గకపోతే హాస్పిటల్ మొహం చూస్తారు. పొక్కు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేసే మాత్రలకు ఆలోపు గడువు దాటిపోతుంది. నిజానికి తలా తోకా కలవడమనేది దాదాపు జరగదు. ఆ వైరస్ ఒక నరం మేర మాత్రమే పాకుతుంది, ఆ నరం పరిధి ఒంటి నడిగీత దగ్గర ఆగిపోతుంది. భయం ఉండాల్సింది నొప్పి గురించి. అరవై దాటినవాళ్లలో కొందరికి పొక్కులు మానినా ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

సర్పి బయటి నుంచి అంటుకున్నది కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు, అంటే చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు, ఒంట్లో చేరిన వారిసెల్లా జోస్టర్ వైరస్ వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో నలభై యాభై ఏళ్లు పడుకుని లేచి వస్తుంది. అలా పడుకుని ఉండేది అదొక్కటే కాదు. హెర్పిస్ కుటుంబంలో మనుషులను పట్టేవి తొమ్మిది. జ్వరం తర్వాత పెదవి పక్కన పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం ముఖానికి వెళ్లే నరం మొదట్లో ఉంటుంది, రెండో రకం నడుము కింది నరాల ముడుల్లో. ఎప్‌స్టీన్-బార్ వైరస్ రక్తంలోని బి కణాల్లో కాపురం పెడుతుంది, సైటోమెగలో వైరస్ ఎముక మజ్జలో పుట్టే కణాల్లో. పసిపిల్లలకు మూడు రోజుల జ్వరం తగ్గుతూనే ఒంటినిండా దద్దు తెచ్చే హెచ్.హెచ్.వి.-6, అంటే ఆరో రకం మానవ హెర్పిస్ వైరస్, తెల్లకణాల్లో, లాలాజల గ్రంథుల్లో దాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో 64 శాతం మందిలో, అంటే దాదాపు 380 కోట్ల మందిలో సింప్లెక్స్ ఒకటో రకం ఉంది. మన దేశంలో సైటోమెగలో సోకని పెద్దవాళ్లు అరుదు. కాబట్టి గజ్వేల్ బస్టాండులో నిలబడ్డ ఏ మనిషిని చూసినా ఒంట్లో మూడు నాలుగు వైరస్‌లు నిద్రపోతున్నాయనే అనుకోవచ్చు.

అలాంటి ఒంట్లోకి కొత్త వైరస్ ఒకటి వచ్చినా, పాతవాటిలో ఒకటి లేచినా, మిగతావి కూడా లేస్తాయా? నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న ల్యాబుల్లోంచి వార్డుల్లోకి, వార్డుల్లోంచి మతిమరుపు పరిశోధనలోకి నడిచి వచ్చింది. లేపగలదన్నదానికి సాక్ష్యం గట్టిగానే ఉంది. కానీ ఒక్కో రోగిలో ‘ఇదే దాన్ని లేపింది’ అనడం చాలాసార్లు తొందరపాటు. ఈ రెండింటి మధ్య దూరాన్ని పట్టించుకోకపోవడం వల్లే వార్తల్లో ఆర్భాటం, ప్రిస్క్రిప్షన్లలో అనవసరపు మందులు పుడుతున్నాయని నా అభిప్రాయం.

వైరస్ పడుకోవడమంటే దాని డి.ఎన్.ఎ. కణం కేంద్రకంలో చుట్ట చుట్టుకుని, మన డి.ఎన్.ఎ. లాగే హిస్టోన్ ప్రొటీన్ల మీద బిగిసిపోయి, కొద్దిపాటి జన్యువులు తప్ప మిగతావన్నీ మూగబోవడం. ఇది లోపలి కట్టు. ఎక్కడైనా ఒకటి లేచి పిల్లలు పెట్టబోతే వెంటనే పట్టేసే టి కణాలు బయటి కాపలా. లేపడమన్నా ఈ రెండు దారుల్లోనే జరగాలి. ఒక వైరస్ తయారుచేసిన ప్రొటీన్ అదే కణంలో ఉన్న ఇంకో వైరస్ కట్టు విప్పాలి, లేదా దూరం నుంచే వాపు రసాయనాలను ఎగదోసో, కాపలా కణాలను బలహీనపరిచో దాన్ని కదపాలి. ఏది ఏ దారి అన్నది తేల్చుకోకపోతే మందు ఎంపిక కూడా తేలదు.

మొదటి దారికి పాత సాక్ష్యం హెచ్.ఐ.వి.ది. అది హెర్పిస్ కాదు, రెట్రోవైరస్. అయితే అది కూడా మన డి.ఎన్.ఎ.లో తనను తాను కుట్టుకుని మౌనంగా ఉండగలదు. 1987లో మోస్కా బృందం నేచర్ పత్రికలో ఒక ప్రయోగం ప్రకటించింది. నిద్రాణంగా ఉన్న హెచ్.ఐ.వి. జన్యువులను హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం మళ్లీ పనిలోకి దించగలదని అందులో చూపారు. హెర్పిస్ తొలి గంటల్లో తయారుచేసే ప్రొటీన్లు, వాటితో పాటు అది కణంలో రేపే ఎన్.ఎఫ్. కప్పా బి అనే స్విచ్చు, రెండూ వెళ్లి హెచ్.ఐ.వి. జన్యువుల ముందున్న మీటను నొక్కుతాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది కాబట్టి ఇది మనకు పుస్తకాల్లోని సంగతి కాదు. ముప్పై ఏళ్ల వయసులో సర్పి వచ్చినవాడికి హెచ్.ఐ.వి. పరీక్ష రాయడం మన చర్మవ్యాధుల డాక్టర్లకు ఎప్పటినుంచో అలవాటు. అక్కడ లేపింది వైరస్ ప్రొటీన్ కాదు, హెచ్.ఐ.వి. కాపలా కణాలను తినేయడం. అంటే ఈ జంటలో రెండు దారులూ ఉన్నాయి, ఎదురెదురుగా.

హెర్పిస్‌ను అణిచేస్తే హెచ్.ఐ.వి. కూడా తగ్గాలి కదా? అదే ఆశతో ఆఫ్రికాలో పెద్ద పరీక్ష పెట్టారు. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్.ఐ.వి., సింప్లెక్స్ రెండో రకం రెండూ ఉండి, రెండోవారికి హెచ్.ఐ.వి. లేని 3,400 పైచిలుకు జంటల్లో సోకినవారిలో సగం మందికి రోజూ రెండు పూటలా 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ ఇచ్చారు. 2010లో ఫలితం ప్రచురితమైంది. జననాంగ పుండ్లు నాలుగింట మూడొంతులు తగ్గాయి, రక్తంలో హెచ్.ఐ.వి. కూడా కొంత తగ్గింది. భాగస్వామికి అంటడం మాత్రం తగ్గలేదు. పుండు మానాక కూడా ఆ చోట హెచ్.ఐ.వి.కి ఇష్టమైన సి.డి.4 కణాలు నెలల తరబడి పోగై ఉంటాయని అంతకు ఏడాది ముందే సియాటిల్ బృందం చూపించింది. ఇంకో చిక్కు కూడా బయటపడింది. హెర్పిస్ ఉన్న కణాల్లో ఎసైక్లోవిర్ చురుకైన రూపంలోకి మారి, హెచ్.ఐ.వి. ఎంజైమును నేరుగా కూడా అడ్డుకుంటుందట! అలాంటప్పుడు రక్తంలో తగ్గిన ఆ కొంచెం ‘లేపడం ఆగినందువల్ల’ తగ్గిందా, మందు నేరుగా కొట్టినందువల్లా అన్నది విడదీయడం కష్టం. ఈ రంగంలో ఏ మంచి ఫలితం చదివినా ఈ కథ ఒకసారి గుర్తుచేసుకోవడం మంచిది.

హెర్పిస్‌ల మధ్యే ఒకటి ఇంకోదాన్ని లేపినదానికి శుభ్రమైన ఉదాహరణ 1993 నాటిది. కెనడాలో లూయి ఫ్లామాన్ బృందం ఎప్‌స్టీన్-బార్ పడుకుని ఉన్న బి కణాలకు హెచ్.హెచ్.వి.-6 సోకించింది. పడుకున్నది లేచి కాపీలు తీయడం మొదలుపెట్టింది. మూడేళ్లకు అదెలాగో కూడా వాళ్లే చూపారు. ఎప్‌స్టీన్-బార్‌ను నిద్రలేపే తొలి ప్రొటీన్ ఒకటుంది, దాని జన్యువు ముందున్న చిన్న తునకే హెచ్.హెచ్.వి.-6 చేతికి దొరికిన పిడి. కపోసీ సార్కోమా తెచ్చే హెచ్.హెచ్.వి.-8ను సైటోమెగలో, హెచ్.హెచ్.వి.-6, సింప్లెక్స్ ఒకటో రకం లేపగలవని తర్వాతి పదిహేనేళ్లలో చూపారు. ఆ కేన్సర్ మన దేశంలో అరుదు కాబట్టి దాన్ని ఇంతటితో వదిలేస్తాను. లేపేది వైరస్సే కానక్కర్లేదన్న ఒక ఫలితాన్ని మాత్రం వదలలేం. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన పనిలో, ఎలుకల కడుపులో పురుగులు పడినప్పుడు పుట్టే ఇంటర్‌ల్యూకిన్-4 అనే రోగనిరోధక రసాయనం నిద్రాణ హెర్పిస్‌ను లేపింది. ఏటా బడిపిల్లలకు నులిపురుగుల మాత్రలు మింగించే మన పల్లెల్లో ఈ దిశలో ఎవరైనా చూడాల్సిన విషయమే.

ల్యాబు పళ్లెంలో వందకు వంద కణాలకు వైరస్ ఎక్కించవచ్చు. మనిషి రక్తంలో నిద్రాణ వైరస్ ఉన్న కణం చాలా అరుదు. సరిగ్గా ఆ కణంలోకే రెండోది వెళ్లి పడడం ఎన్నిసార్లు జరుగుతుంది? అందుకే మనుషుల్లో మొదటి దారికన్నా రెండో దారే ఎక్కువ నడుస్తుందని అనిపిస్తుంది.

మనుషుల్లో ఒకదాని వెనక ఒకటి లేవడం కళ్లకు కట్టేది డ్రెస్ అనే మందుల రియాక్షన్‌లో. పేరుకు బట్టలతో సంబంధం లేదు, అది ఇంగ్లిష్ పొడి అక్షరాల కూర్పు. దీన్ని తెచ్చేవి ఎక్కువగా ఇలాంటి మందులు: మూర్ఛకు ఫినైటాయిన్, కార్బమజెపిన్, యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యూరినాల్, కుష్ఠుకు డాప్సోన్. మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ముఖం ఉబ్బడం, ఒంటినిండా ఎర్రటి దద్దు, మెడలో బిళ్లలు, రక్తంలో ఇసినోఫిల్స్ పెరగడం, కాలేయం దెబ్బతినడం. మందు ఆపేస్తారు, స్టెరాయిడ్ ఇస్తారు, మనిషి తేరుకుంటాడు. రెండు మూడు వారాలకు, తప్పు మందు ఒంట్లో చుక్క లేకపోయినా, జ్వరం మళ్లీ వస్తుంది, కాలేయం అంకెలు మళ్లీ పైకి పోతాయి. ఇంట్లోవాళ్లు ‘మళ్లీ ఏం మందు ఇచ్చిన్రు సార్?’ అని నిలదీసేది ఇక్కడే. 1998లో జపాన్ చర్మవైద్యులు ఆ సమయంలో తీసిన రక్తంలో హెచ్.హెచ్.వి.-6 లేచినట్టు పట్టుకున్నారు. ఆ తర్వాత హెచ్.హెచ్.వి.-7, ఎప్‌స్టీన్-బార్, చివరికి సైటోమెగలో, ఒకదాని వెనక ఒకటి లేవడం కొందరిలో గమనించారు. ఎముక మజ్జ మార్పిడి తర్వాత కూడా ఇంచుమించు ఇదే వరస కనిపిస్తుంది.

వరస ఉన్నంత మాత్రాన ముందుది వెనకదాన్ని లేపిందా? కాకి వాలడం, తాటిపండు పడడం మన తర్కశాస్త్రంలో పాత పాఠమే. ఒక్కో వైరస్‌కు లేవడానికి కావాల్సిన సడలింపు ఒక్కో స్థాయిలో ఉంటే చాలు, కాపలా మెల్లగా తగ్గుతున్నప్పుడు అవి వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఫ్రాన్స్‌లో పికార్ బృందం 2010లో 40 మంది డ్రెస్ రోగులను పరిశీలించి ఇంకో మలుపు చూపింది. రోగుల బి కణాలకు తప్పు మందును నేరుగా తగిలిస్తే ఎప్‌స్టీన్-బార్ లేచింది. అంటే ఈ జబ్బులో మొదటి అలారం మందే కావచ్చు, వైరస్‌లు పక్కపక్కన మంచాల మీద ఒకేసారి ఉలిక్కిపడి ఉండవచ్చు. నాకు ఇదే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. అయితే హెచ్.హెచ్.వి.-6 లేచిన రోగుల్లో జబ్బు ఎక్కువకాలం లాగుతుందన్న గమనిక కూడా నిజమే. కాబట్టి అది ఉత్త ప్రేక్షకురాలు కూడా కాదు.

మూత్రపిండం మార్పిడి రోగుల్లోనూ ఇదే తగాదా. సిద్దిపేట జిల్లా నుంచి నిమ్స్‌కో ఉస్మానియాకో వెళ్లి కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు సైటోమెగలో పేరు డాక్టరు నోటినుంచే కంఠతా వచ్చి ఉంటుంది. దానికి వాడే వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రల ఖర్చు కూడా అలాగే గుర్తుంటుంది. మార్పిడి జరిగిన రెండు నుంచి నాలుగు వారాల్లో హెచ్.హెచ్.వి.-6 రక్తంలో కనిపించినవాళ్లకు తర్వాత సైటోమెగలో జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని పలు కేంద్రాల్లో తేలింది. కారణమా, లేక రోగనిరోధకత బాగా అణిగిందన్న సూచన మాత్రమేనా? వైద్యుడికి మాత్రం సూచన అయినా చాలు. మందుల మోతాదు ఒకసారి సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది.

కోవిడ్ రెండో వేవ్‌లో ఈ ప్రశ్న మనందరి ఇళ్లలోకి వచ్చింది. 2021 జూన్ చివర్లో ఢిల్లీలోని సర్ గంగారాం హాస్పిటల్ డాక్టర్లు అయిదుగురు కోవిడ్ రోగుల్లో మలద్వారం నుంచి రక్తం పోవడానికి సైటోమెగలో కారణమని ప్రకటించారు. ఎయిడ్స్ లేదు, మార్పిడి లేదు, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. కరోనా లింఫోసైట్లను బాగా తగ్గిస్తుంది కాబట్టి అదే లేపిందని చెప్పడం తేలిక. కానీ ఆ రోజుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మన మండల కేంద్రాల్లో మెడికల్ షాపు మీదుగా చాక్లెట్లలా ఇళ్లకు పోయింది. బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఇ.ఎన్.టి. హాస్పిటల్ ముందు పడిగాపులు కాసిన కుటుంబాలకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వైరస్ ఎంత లేపిందో, స్టెరాయిడ్ ఎంత లేపిందో ఆ కేసుల్లో వేరుచేయలేం. అసలు ఏ వైరస్సూ రాకుండా కూడా ఇవి లేస్తాయనడానికి నాసా లెక్క ఉంది. తక్కువ రోజులు అంతరిక్షంలో ఉన్న 89 మంది వ్యోమగాముల్లో 47 మంది, ఎక్కువ కాలం స్పేస్ స్టేషన్‌లో గడిపిన 23 మందిలో 14 మంది లాలాజలంలోనో మూత్రంలోనో హెర్పిస్ వైరస్‌లను విడుదల చేశారు. అక్కడ లేపింది ఒత్తిడి, దానితో పెరిగే కార్టిసాల్.

ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నది మతిమరుపు మీద. మెదడులో హెర్పిస్ సింప్లెక్స్ డి.ఎన్.ఎ. ఉందని 1990ల నుంచి పరిశోధకురాలు రూత్ ఇట్జాకీ ఒంటరిగా చెబుతూ వచ్చింది, చాలాకాలం ఎవరూ ఆమె మాట చెవిన పెట్టలేదు. 2022లో ఆమె, అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన డానా కెయిర్న్స్, డేవిడ్ కాప్లాన్ కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. పట్టు ప్రొటీన్‌తో చేసిన స్పాంజి మీద మనిషి నాడీకణాలను పెంచారు. వాటికి జోస్టర్ వైరస్ మాత్రమే సోకిస్తే వాపు రసాయనాలు పెరిగాయి తప్ప అల్జీమర్స్‌లో కనిపించే అమిలాయిడ్ ముద్దలు, టావు చిక్కులు రాలేదు. అదే కణాల్లో ముందుగా సింప్లెక్స్‌ను పడుకోబెట్టి, తర్వాత జోస్టర్ సోకిస్తే సింప్లెక్స్ లేచింది, ఆ ముద్దలూ చిక్కులూ వచ్చాయి. ఒక హెర్పిస్ ఇంకో హెర్పిస్‌ను లేపి జబ్బు చేయించడం ఇంత తేటగా ఇంకెక్కడా చూడలేదు. అయితే అదే ల్యాబు 2025లో అదే నమూనాను మెల్లగా కుదిపి, తలకు దెబ్బలు తగిలినట్టు చేసి చూసింది. ఏ రెండో వైరస్సూ లేకుండానే సింప్లెక్స్ లేచింది. జోస్టర్‌కు ప్రత్యేక శక్తేమీ లేదని, వాపే అసలు తాళంచెవి అని దీన్నిబట్టి చెప్పవచ్చు.

మనుషుల్లో దీనికి దగ్గరగా వచ్చిన సాక్ష్యం వేల్స్ నుంచి. అక్కడ 2013 సెప్టెంబర్ 1న జోస్టర్ టీకా మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబర్ 2కు ముందు పుట్టినవాళ్లు అర్హులు కారని తేదీ గీశారు. అంటే ఒక వారం అటూ ఇటూ పుట్టిన, మిగతా అన్నింటిలో ఒకేలా ఉన్న ముసలివాళ్లలో ఒక గుంపుకు టీకా దొరికింది, ఇంకోదానికి దొరకలేదు. ఏడేళ్ల తర్వాత టీకా తీసుకున్నవాళ్లలో డిమెన్షియా దాదాపు అయిదో వంతు తక్కువని స్టాన్‌ఫర్డ్ బృందం 2025 ఏప్రిల్‌లో నేచర్‌లో రాసింది, ఆడవాళ్లలో ఈ లాభం ఇంకా ఎక్కువ. జోస్టర్ లేవకపోతే సింప్లెక్స్ లేవదు, మెదడు బాగుంటుంది అన్న గొలుసుకు ఇది చక్కగా సరిపోతుంది. జోస్టర్ నేరుగా మెదడు రక్తనాళాలను పాడుచేస్తుందన్న వివరణకు కూడా అంతే చక్కగా సరిపోతుంది. సజీవ టీకా మొత్తంగా రోగనిరోధకతనే పదును పెడుతుందన్న మూడో మాటకు కూడా.

గొలుసులో చివరి లంకెను నేరుగా పరీక్షించింది కొలంబియా యూనివర్సిటీలో దేవానంద్ నాయకత్వంలో జరిగిన వాలాడ్ పరీక్ష. సింప్లెక్స్ సోకి, అల్జీమర్స్ తొలిదశలో ఉన్న 120 మందికి 78 వారాలపాటు పెద్ద మోతాదులో వాలసైక్లోవిర్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2025లో ఫలితం వెల్లడైంది. మందు తీసుకున్నవాళ్లకు లాభం లేదు, జ్ఞాపకశక్తి కొలతల్లో ఉత్తుత్తి మాత్రవాళ్లే కాస్త మెరుగు. జబ్బు మొదలయ్యాక ఆలస్యమైపోయిందని వాదించవచ్చు. ఆ వాదన సరైనదే కావచ్చు గానీ, దాని పేరుతో ఇవాళ మతిమరుపున్న పెద్దాయనకు వాలసైక్లోవిర్ రాయడానికి ఆధారం లేదు.

పరీక్షల గురించి ఒక మాట, ఎందుకంటే మన ఊళ్లలో ఈ ప్రశ్న డబ్బుగా మారేది అక్కడే. గర్భం నిలవని ఆడపిల్లకు టార్చ్ పరీక్ష రాయడం మనకు బాగా అలవాటైన పని. కాగితం మీద సైటోమెగలో ఐజీజీ పాజిటివ్, హెర్పిస్ ఐజీజీ పాజిటివ్ అని ఎర్ర గీతలతో వస్తుంది. అత్తగారు ఆ కాగితం పట్టుకుని కోడలి పుట్టింటివైపు చూస్తుంది. ఐజీజీ అంటే ఎప్పుడో సోకిందన్న గుర్తు మాత్రమే, అత్తగారికి చేసినా అదే వస్తుంది. కొత్తగా సోకిందని చెప్పాల్సిన ఐజీఎం కూడా నమ్మకస్తుడైన సాక్షి కాదు. ఎప్‌స్టీన్-బార్ కొత్తగా సోకినప్పుడు బి కణాలు గుడ్డిగా రెచ్చిపోయి సైటోమెగలో ఐజీఎంను కూడా తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. ఆ కాగితం చూసి ఒకటి ఇంకోదాన్ని లేపిందనుకుంటే, లేవని వైరస్‌కు మందు వేసినట్టే. పి.సి.ఆర్. మెరుగు, కానీ దానికీ ఒక చిక్కు ఉంది. నూటికి ఒకరిలో హెచ్.హెచ్.వి.-6 డి.ఎన్.ఎ. తల్లిదండ్రుల నుంచే వారసత్వంగా ప్రతి కణంలోనూ కుట్టుకుని వస్తుంది. వాళ్ల రక్తంలో ఎప్పుడు చూసినా వైరస్ వెల్లువలా కనిపిస్తుంది, జబ్బు మాత్రం ఉండదు.

చికెన్‌పాక్స్ టీకా మన దేశ సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. పెద్దవాళ్ల సర్పి టీకా షింగ్రిక్స్ 2023లో మన మార్కెట్‌కు వచ్చింది గానీ, రెండు డోసులకు వేలకు వేలు పెట్టగలిగినవాళ్లకే. కాబట్టి సర్పి రోగులు మనకు తగ్గరు, పరిశోధకుడి కళ్లతో చూస్తే అదొక అవకాశం. సర్పి అంటే పాత వైరస్ తిరిగి లేవడమేనని 1965లో బలంగా వాదించిన హోప్-సింప్సన్ ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊరి డాక్టరు. తన దగ్గరికి వచ్చిన రోగులను పదహారేళ్లు ఓపిగ్గా రాసుకోవడమే ఆయన చేసిన పని. అలాంటి పని మన దగ్గరా చేయవచ్చు, 2018 నుంచి సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. సర్పి రోగుల లాలాజలంలో జోస్టర్ డి.ఎన్.ఎ. దొరుకుతుందని ఇప్పటికే తెలుసు. అదే లాలాజలంలో సింప్లెక్స్ కూడా ఉందేమో మొదటి రోజు, తర్వాత వారం వారం, పొక్కులు మానిన రెండు నెలల దాకా చూడాలి. అదే వయసున్న, సర్పి లేని పక్కింటివాళ్ల నుంచి కూడా తీసి పోల్చాలి. స్టెరాయిడ్ సూది పడిందా లేదా అన్నది ఒక గడిలో నిజాయితీగా రాసుకోవాలి, ఎందుకంటే ఊళ్లో ఆర్.ఎం.పి. ఇచ్చిన సూది రోగి చెప్పడు, మనం అడగం. దూది పుల్ల, ఐస్ డబ్బా, పి.సి.ఆర్. మిషన్ ఉన్న ల్యాబు. కోవిడ్ పుణ్యమా అని ఈ మూడింటిలో ఏదీ జిల్లాకు కొత్త కాదు.